ఉపవాసమున ఊపిరి మందు

జైనశాస్త్రము ప్రాణములు పది యని చెప్పుచున్నది. ఇంద్రియములు అయిదు, మనోబలము, వచనబలము, కాయబలము, శ్వాసోచ్ఛ్వాసము, ఆయువు. కన్ను పోయినవాడును, మాట పడిపోయినవాడును ఏండ్ల తరబడి బ్రదుకుచున్నారు. ఊపిరి యాడనివానికి మాత్రము నిమిషముల లెక్కయే. ఈ లెక్క బాగుగా తెలిసినది ఉబ్బసరోగి యున్న యింటివారికి. పగలంతయు కొట్టులో కూర్చుండి గట్టిగా బేరములాడిన మనుష్యుడే రాత్రి మూడు గంటలకు లేచి, కిటికీ ఊచలు పట్టుకొని, భుజములెగురవేయుచు గాలి కొరకు నిలువబడును. ఇంటిలోనివారు వీపు రాయుదురు, వేడినీరు కాతురు. ఏమియు తోచనివారు దేవుని తలచుకొందురు.

ఆ సమయమున దిండు క్రింద నుండు చిన్న పంపు, అనగా ఇన్‌హేలరు, ఇప్పుడు సామాన్యమైన వస్తువు. కాని శ్రావకుల యిండ్లలో దానిని గూర్చి ఒక ప్రశ్న గలదు. దానిని పెద్దగా అడుగువారు తక్కువ, మనసులో పెట్టుకొని బాధపడువారు ఎక్కువ. కోవిల్‌పట్టిలోనో విరుదునగరములోనో కాపురమున్న ఒక గృహిణి పర్యూషణ పర్వమున అఠాయి పట్టినదనుకొందము. ఎనిమిది ఉపవాసములలో అయిదవ రాత్రి. నీరు సైతము ముట్టని చౌవిహార నియమము. తెల్లవారుజామున ఆయాసము మొదలైనది. పంపు చేతికందు దూరములోనే యున్నది. తీయవచ్చునా, తీయరాదా? అడుగుటకు ఆ వేళ ఎవరున్నారు? చిన్న ఊళ్లకు సాధుసాధ్వులు చాతుర్మాస్యమునకు వచ్చిన యేడు వచ్చినట్లు, రాని యేడు రానట్లు. ఆమె తనలో తానే వాదించుకొనును. ఆ వాదనలో గడచు ప్రతి నిమిషమును ఆమె ఊపిరి లోనుండి ఖర్చగుచున్నది.

ఈ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. వ్రతము పట్టినవారికి అది ఆట కాదు. అయిదు దినములు నిష్ఠతో గడపిన మనుష్యునితో "ఏమి ఫరవాలేదు, తీసికొనుము" అనుట అతని నిష్ఠను చులకన చేయుటయే. ఫరవా ఉన్నదా లేదా యన్నది శాస్త్రమును బట్టియే చూడవలెను.

మొదట వచ్చు వాదము సులభమైనది. త్యజించినది ఆహారమును గదా. ఆహారము నాలుగు విధములు: అశనము, పానము, ఖాదిమము, స్వాదిమము. పంపులోని మందు ఈ నాలుగింటిలో దేనికిని చెందదు. అది కడుపునకు కాదు, ఊపిరితిత్తులకు పోవును. ఆకలి తీర్చదు, దాహము తీర్చదు. కనుక వ్రతభంగము లేదు. వినుటకు బాగుగనే యున్నది. కాని ఈ వాదము పూర్తిగా నిలువదు. పంపును నేరుగా నోటబెట్టి నొక్కినప్పుడు మందులో నూటికి పదియో ఇరువదియో పాళ్లు మాత్రమే ఊపిరితిత్తులను చేరును. తక్కినదానిలో ఎక్కువ భాగము నోటిలోను గొంతులోను అంటుకొని, లాలాజలముతో కలిసి కడుపులోనికే దిగును. ఎంత సూక్ష్మమైనను దిగుట దిగుటయే. లెక్కకు నిలువని మాటను ధర్మమునకు ఆధారముగా చూపరాదు. కాటాలో గురిగింజ ఎత్తు తేడాను సహించని వర్తకులకు ఇది వేరుగా చెప్పనక్కర లేదు.

అసలు సమాధానము మరియొక చోట నున్నది. వ్రతము నేర్పరచిన పూర్వాచార్యులు వ్రతముతోబాటే దాని మినహాయింపులను గూడ నేర్పరచిరి. వీనికి ఆగారములని పేరు. ఉపవాస ప్రత్యాఖ్యానము నిచ్చునపుడు గురువులు చదువు పాఠములోనే ఇవి యున్నవి. మరచి జరిగినది ఒకటి. తలవని తలంపుగా, తన ప్రయత్నము లేక జరిగినది మరియొకటి. గొప్ప ప్రయోజనము కొరకు పెద్దల ఆజ్ఞచే చేసినది ఇంకొకటి. కడపటిది సర్వసమాధి ప్రత్యయ ఆగారము. తీవ్రరోగము వచ్చి చిత్తము నిలుకడ తప్పి ఆర్తధ్యాన రౌద్రధ్యానములకు లోనగు స్థితి కలిగినపుడు, సమాధిని నిలుపుకొనుటకై ఔషధము సేవించినచో ప్రత్యాఖ్యానము భంగము కాదని దీని తాత్పర్యము. వేల పర్యాయములు ఈ పాఠమును విని చేతులు జోడించినవారు సైతము దీని అర్థమును విచారించుట అరుదు. పచ్చక్ఖాణము తీసికొనిన క్షణముననే ఈ మినహాయింపును గూడ తీసికొనియున్నారు. తరువాత ఎవరో దయతలచి యిచ్చినది కాదు ఇది.

కాయోత్సర్గమును చూచినచో ఈ దృష్టి మరింత స్పష్టమగును. శరీరమును కొయ్యవలె కదలకుండ నిలుపుదునని సంకల్పించువాడు, ఆ సంకల్పమునకు ముందుగా మినహాయింపులను చదువును. ఆ జాబితాలో మొట్టమొదట వచ్చునది ఊపిరి తీయుట, ఊపిరి విడచుట. ఆ వెనుక దగ్గు, తుమ్ము, ఆవులింత, తలతిరుగుట మున్నగునవి. దేహమును త్యజించు ధ్యానమునకు సైతము ఊపిరిని బయటపెట్టి తలుపు వేసిన ధర్మమిది. అట్టిది, ఆడని ఊపిరిని ఆడించు సాధనమును నిషేధించునని తలచుట న్యాయముగా తోచదు. సంప్రదాయ భేదములు గలవు. దిగంబర, శ్వేతాంబర, స్థానకవాసి, తేరాపంథీ పెద్దలు ఆగారములను వివరించు తీరులో తేడాలుండవచ్చును. అందువలన అఠాయి పట్టిన తరువాత తెల్లవారుజామున వాదించుకొనుటకంటె, పట్టుటకు ముందే గురువులతో "నాకు ఉబ్బసమున్నది, రాత్రి పంపు అవసరము కావచ్చును" అని విన్నవించి, వారి మాట పొంది, ఇంటిలోనివారికి చెప్పియుంచుట మేలు. వైద్యుని మాట గూడ ఆ ముందే తీసికొనవలెను. ఉబ్బసము అదుపులో లేని మాసమున దీర్ఘోపవాసమునకు పూనుకొనక ఏకాసనముతో సరిపెట్టుకొనుటయు తపస్సే.

ఇక కొందరు మరియొక అడుగు ముందుకు వేయుదురు. దేహముపై మమకారమును వదలుటయే ధర్మమైనపుడు, మందు లేకుండ సహించుట పరీషహజయము కాదా? అట్లు పోయినను అది సల్లేఖనవంటి పుణ్యమరణము కాదా? ఈ మాట వినుటకు గంభీరముగ నున్నది గాని చాల ప్రమాదకరమైనది.

కోవిల్‌పట్టికి ఇరువది కిలోమీటర్ల చేరువలో కళుగుమలై కొండ కలదు. పాండ్యుల కాలమున, సుమారు 8, 9 శతాబ్దములలో, ఆ రాతిపై తీర్థంకరుల మూర్తులు వరుసలు వరుసలుగా చెక్కబడినవి. వాని క్రింద చెక్కించినవారి పేర్లు, గురువుల పేర్లు వట్టెళుత్తు లిపిలో నున్నవి. ఆ గురువులలో స్త్రీలును గలరు. తమిళమున వారిని కురత్తియార్ అందురు. ఆ కొండను చూచినవారికి మొదట కలుగు తలంపు, దేహమును గడ్డిపోచగా నెంచిన మహానుభావులు తిరుగాడిన చోటు గదా యని. నిజమే. కాని వారి మార్గమునకు నియమములు గలవు. సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారమున సల్లేఖనకు తగిన స్థితులను చెప్పుచు ఉపసర్గము, దుర్భిక్షము, వార్ధక్యము, రోగము అను నాలుగింటిని పేర్కొని, అవి ప్రతీకారము లేనివై యుండవలెనని నిబంధన పెట్టిరి. ఈ యొక్క విశేషణమే సమస్తమును తేల్చుచున్నది. అయిదు నిమిషములలో సడలగల ఆయాసము ప్రతీకారము లేని రోగము కాదు. దానిని సడలనీయక ప్రాణము విడచుట సల్లేఖన యనిపించుకొనదు. పైగా ఊపిరాడక కొట్టుకొనుచున్న మనుష్యునికి సమాధి ఎక్కడిది? ఆ క్షణమున మనసులో నుండునది భయము తప్ప మరేమియు కాదు. 2015 ఆగస్టులో రాజస్థాన్ హైకోర్టు సంథారా ఆత్మహత్యతో సమానమని తీర్పు చెప్పగా, ఆ నెలలోనే సుప్రీంకోర్టు దానిని నిలుపుదల చేసినది. ఆ వివాదమున సమాజము తన పక్షమున గట్టిగా చెప్పిన మాట, సంథారా వేరు, ఆత్మఘాతము వేరు అనియే. ఆ భేదమును కోర్టులో చెప్పినవారు ఇంటిలో మరువరాదు.

ఇంతవరకు పంపు తీయవచ్చుననుటయే చెప్పబడినది. ఇంతటితో తృప్తిపడి ఊరకుండుటకు వీలులేదు. తత్త్వార్థసూత్రము హింసను నిర్వచించుచు, ప్రాణవియోగము అని మాత్రము చెప్పలేదు. ప్రమత్తుడై, అనగా ఏమరుపాటుతో, కలిగించిన ప్రాణవియోగము హింస యని చెప్పినది. ఏమరుపాటు ఇతర జీవుల విషయమున ఎట్లు దోషమో తన దేహము విషయమునను అట్లే. పంపు వాడకములో మనయిండ్లలో కనబడు దోషమంతయు ఇక్కడనే యున్నది. అవసరమైనపుడు తీయక బాధపడువారు కొందరు. అవసరమును విచారింపక తీసినదే తీయువారు అంతకంటె ఎక్కువ.

ఈ రెండవ తీరు ఎట్టి ఫలితమునిచ్చునో లోకము ఒకసారి గాదు, రెండుసార్లు చూచినది. పొగను పీల్చి ఆయాసము తగ్గించుకొనుట పాత పద్ధతి. ఉమ్మెత్త పొగ వైద్యము మన దక్షిణదేశమున వాడుకలోనుండగా, 1802లో జెంట్ అను సైన్యాధికారి మద్రాసు నుండి దానిని ఇంగ్లండునకు గొనిపోయెను. కొలత ప్రకారము మందును చిమ్ము పంపు మాత్రము 1955లో అమెరికాలో తలపునకు వచ్చినది. రైకర్ అను మందుల కంపెనీలో పనిచేయుచున్న జార్జి మెయిసన్‌ను ఉబ్బసముగల ఆయన పదుమూడేండ్ల కుమార్తె, తన మందును గూడ సెంటు సీసా వలె చిమ్మునట్లు ఏల చేయరాదని అడిగినదట. మరుసటి యేడే, 1956లో, ఆ పంపు అంగళ్లకు వచ్చెను. ఒక చిన్నపిల్ల ప్రశ్న కోట్లమందికి ఊపిరి పోసినది. కాని 1960 తరువాత ఇంగ్లండు, వేల్సులలో ఉబ్బస మరణములు తగ్గుటకు మారు పెరిగెను. అందును పది నుండి పదునాలుగేండ్ల పిల్లలలో ఎక్కువ. ఐసోప్రెనలిన్ అను మందును అధిక మోతాదులో నింపిన పంపులపై అనుమానము పోయినది. వైద్యులను హెచ్చరించి, 1968లో చీటీ లేనిదే అమ్మరాదని కట్టడి చేసిన పిమ్మట మరణములు తగ్గినవి. తరువాత 1970లలో న్యూజిలాండులో ఫెనోటెరాల్ అను మందుతో ఇట్టి కథయే మరల నడచినది. 1969లో వచ్చిన సాల్బుటమాల్ వానికంటె సురక్షితమైనది. నేడు మన మందుల షాపులలో దొరకు పంపులలో ఎక్కువగా నున్నది అదియే. అయినను మూలసూత్రము మారలేదు.

ఆ సూత్రమును వర్తకుని మాటలలో చెప్పుట సులభము. ఉబ్బసములో రెండు పనులు జరుగును. ఊపిరితిత్తులలోని సన్నని గొట్టముల చుట్టునున్న కండరములు బిగియును. గొట్టముల లోపలి పొర వాచి జిగురు చేరును. సాల్బుటమాల్ బిగువును సడలించును. నాలుగైదు నిమిషములలో పనిచేసి నాలుగు నుండి ఆరు గంటలు నిలుచును. వాపును అది ముట్టదు. వాపు తగ్గించునది ప్రతిదినము తీసికొనవలసిన మరియొక మందు, పీల్చు స్టెరాయిడు. దానివలన వెంటనే ఏమియు తెలియదు కనుక దానిని మానివేయుదురు. వెంటనే తెలియు మందును మాత్రము పట్టుకొందురు. ఇది అప్పు తీర్చక చేబదుళ్లతో వడ్డీ కట్టుచు వ్యాపారము నడపుట వంటిది. పూట గడచును, అసలు పెరుగును. అందువలననే గీనా అను అంతర్జాతీయ ఉబ్బస వైద్యసంస్థ 2019 నుండి, పీల్చు స్టెరాయిడు లేకుండ సాల్బుటమాల్ ఒక్కదానితోనే ఉబ్బసమునకు వైద్యము చేయరాదని సలహా యిచ్చుచున్నది. ఆ సంస్థ చెప్పు లెక్క ఒకటి ప్రతి యింటి చిట్టాలోను వ్రాసికొనదగినది. 200 పీల్పుల సాల్బుటమాల్ డబ్బాలు సంవత్సరమునకు మూడు లేక అంతకు మించి ఖర్చగుచున్నచో తీవ్రమైన ఆయాసము వచ్చు అపాయము హెచ్చు. పండ్రెండు, అనగా నెలకొకటి, దాటినచో మరణభయమే హెచ్చు. బియ్యము ఎన్ని బస్తాలు వచ్చినదియు, నూనె ఎన్ని డబ్బాలు ఖర్చయినదియు చెప్పగల ఇంటిలో, పెద్దాయన పంపులు ఏడాదికెన్నియో చెప్పువారు లేకపోవుట వింతయే. కొన్న తేదీని డబ్బా మీద వ్రాసిన చాలును.

పంపును వాడు తీరులోను ఏమరుపాటు విస్తారముగ నున్నది. మూత తీయుట మరచి నొక్కువారును గలరు. బాగుగా కుదిపి, క్రొత్తదైనచో లేక కొన్ని వారములు వాడనిదైనచో ముందుగా గాలిలోనికి కొన్నిసార్లు చిమ్మి చూడవలెను. నిటారుగా కూర్చుండి ఊపిరి పూర్తిగా విడచి, పెదవులతో గొట్టము నోటిని బిగించి, నెమ్మదిగా లోనికి తీయ నారంభించునపుడే ఒక్కసారి నొక్కవలెను. మూడు నుండి అయిదు సెకండ్లు తీయుచు పోయి, పది సెకండ్లు బిగబట్టి విడువవలెను. రెండవ పీల్పు అర నిమిషమైన తరువాతనే. రెండింటిని కలిపి నొక్కుటవలన మందు వృథా తప్ప లాభము లేదు. ముసలివారికిని పిల్లలకును నొక్కుటయు తీయుటయు ఒకేసారి కుదరదు. వారికి స్పేసరు అను బోలు గొట్టము తప్పనిసరి. దానివలన గొంతులో పడు మందు తగ్గి, ఊపిరితిత్తులకు పోవునది హెచ్చును. స్పేసరు దొరకనిచోట అరలీటరు ప్లాస్టిక్ సీసా అడుగున పంపు మూతి పట్టునట్లు రంధ్రము చేసి వాడినను పిల్లలలో దాదాపు అదే ఫలితము వచ్చినట్లు దక్షిణాఫ్రికా వైద్యులు 1999లో ప్రకటించిరి. ఉపవాసమున కడుపులోనికి ఎంత తక్కువ పోయిన అంత మేలని తలచువారికి స్పేసరు మరింత తగినది.

ఆయాసము వచ్చినపుడు పడుకొనరాదు. కూర్చుండి, స్పేసరుతో ఒక్కొక్క పీల్పును వేరువేరుగా, వైద్యుడు ముందుగా వ్రాసియిచ్చిన సంఖ్య మేరకు తీసికొనవలెను. తీవ్రమైన ఆయాసమున సాధారణముగా నాలుగు నుండి పది వరకు చెప్పుదురు. గుండె దడ, చేతుల వణకు కొంచెము కలుగును. దానికి బెదరనక్కర లేదు. అయినను తగ్గకున్నను, తగ్గినది నాలుగు గంటలలోపల తిరుగబెట్టినను, వాక్యము పూర్తిగా పలుకలేక మాట మాటకు ఆగుచున్నను, పెదవులు నీలి వారినను, మనిషి మగతగా నున్నను ఇంక వ్రతము మాట గాని, తెల్లవారనీ యన్న మాట గాని లేదు. 108కి ఫోను చేయవలెను. కోవిల్‌పట్టిలో ప్రభుత్వాసుపత్రి యున్నది. విరుదునగరమున 2022 జనవరి నుండి ప్రభుత్వ వైద్య కళాశాలయే యున్నది. బండి వచ్చువరకు పంపును ఆపరాదు.

స్టెరాయిడు పంపునకు మరియొక చిక్కు కలదు. తీసికొనిన పిదప నోరు పుక్కిలించి ఉమ్మివేయవలెను. లేనిచో నోటిలో తెల్లపూత పూయును. రాత్రి నీరు ముట్టనివారు దీని కొరకు మందునే మానుచున్నారు. వైద్యునితో చెప్పి వేళలు మార్చుకొనినచో సూర్యాస్తమయమునకు ముందొకసారి, ఉదయము నవకార్సి పారిన పిమ్మట నొకసారి చక్కగా సరిపోవును. నీరు సైతము లేని చౌవిహార ఉపవాస దినములకు ఏమి చేయవలెనో అదియు ముందే అడిగి యుంచుకొనవలెను. సాల్బుటమాల్‌కు పుక్కిలించు నియమము లేదు.

పంపులో ఏమున్నదో అడుగుటయు శ్రావకధర్మమే. నొక్కి చిమ్ము డబ్బాలు కొన్నింటిలో అత్యల్పముగా ఆల్కహాలు చేరును. పొడిని గొట్టాలలో వేసి పీల్చు పద్ధతిలో మందుతో పాలచక్కెర కలియును. అన్నిటికంటె ఆలోచింపదగినది ఆ పొడి గొట్టము తొడుగు. చాలవరకు అది జెలటిన్, అనగా జంతువుల చర్మము, ఎముకల నుండి తీసినది. దానిని మింగరు, విరిచి పారవేయుదురు. అయినను మనసొప్పనివారున్నారు. మొక్కల నారతో చేసిన తొడుగులును దొరకుచున్నవి. డబ్బా పంపునకు తొడుగే యుండదు. మందుల షాపులో అడిగి మార్చుకొనుట సులభము. అడుగక మందు మానుట, అడుగక వాడి లోలోన కుములుట, రెండును అనవసరములు.

జీవహింస మాట వచ్చినది గనుక హైదరాబాదు చేప మందును తలపక తప్పదు. ప్రతి యేడు మృగశిర కార్తె ప్రవేశమున బత్తిని కుటుంబమువారు చిన్న కొర్రమీను పిల్ల నోటిలో మందు ముద్ద నుంచి, ప్రాణముతోనే ఉబ్బసరోగులచే మింగింతురు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమున వేలమంది బారులు తీరుదురు. 1845 నుండి తమ ఇంట ఇది నడచుచున్నదని ఆ కుటుంబమువారి మాట. వారు దానికి వెల తీసికొనరు. శాకాహారులకు చేపకు బదులు బెల్లములో పెట్టి యిత్తురు. అందువలన తమిళదేశపు తెలుగువారిలోను, శ్రావకులలోను పోవువారు గలరు. బెల్లముతో తీసికొనినచో హింస తప్పినది గదా యని వారి సమాధానము. ఆ మందు కూర్పు రహస్యము. ఉబ్బసము దానితో నయమగునని ఏ శాస్త్రపరీక్షలోను రుజువు కాలేదు. విశ్వాసమును పరిహసించుట ఇక్కడ ఉద్దేశము కాదు. కాని ఆ మందు తీసికొని, ఇంక పంపు అక్కరలేదని ఇంటిలో వదలి రైలెక్కినవాని పక్షమున వాదించుట కష్టము. చేపపిల్ల ప్రాణమును కాపాడి తన ప్రాణమును ఏమరినట్లగును.

మరియొక విషయము చెప్పుటకు కొంత సంకోచము కలుగును. పెండ్లి సంబంధముల వేళ పిల్ల ఉబ్బసమును దాచుట మన కుటుంబములలో లేదనలేము. పిల్లవాని ఉబ్బసమును దాచుటకు మాత్రము ఎవరును అంత కష్టపడరు. అడుగువారే లేరు. దాచిన పిల్ల అత్తవారింట పంపును చీరల మడతలలో పెట్టుకొని, స్నానాలగదిలోనికి పోయి తీసికొనును. దినచర్య మందును అందరి యెదుట తీసికొనలేక మానివేయును. కనుక ఆయాసము పెరుగును, చాటు పంపు వాడకము పెరుగును. కడపట ఏ రాత్రియో అత్తగారే భయపడి లేచి అందరిని పిలుచును. సత్యవ్రతములోని అతిచారములను ప్రతిక్రమణమున చదువుకొను కుటుంబములు, ఒక పిల్ల ఊపిరి మీద అబద్ధమును నిలుపుట ఏ లెక్కలో సరిపోవునో తెలియదు. ఆ అబద్ధమునకు వడ్డీ కట్టునది మాత్రము ఆ పిల్లయే.

ఇక వర్తకము మాట. శ్రావకాచారము పదునైదు కర్మాదానములను విసర్జింపుమనుచున్నది. నిప్పుతో చేయు వృత్తి, విషపదార్థముల వాణిజ్యము మొదలగునవి వానిలోనివి. ఏ వ్యాపారము వానిలోనికి వచ్చును, ఏది రాదు అను చర్చ పాతది, అది ఇక్కడ తేలదు. కాని విరుదునగరపు మిరపకాయల గిడ్డంగిలో బస్తా విప్పినపుడు లేచు ఘాటును ఎరుగనివారు లేరు. పప్పుమిల్లుల దుమ్ము, కోవిల్‌పట్టి పత్తి జిన్నింగు నూగు, అగ్గిపెట్టెల పనిలో గంధకము కాలిన వాసన, ఇవన్నియు ఆ నల్లరేగడి నేల మీద అన్నము పెట్టుచున్నవే. గంధకపు పొగ ఉబ్బసముగల గొట్టములను క్షణములో బిగించును. పత్తిదుమ్ము తెచ్చు దగ్గునకు ఒక గురుతు గలదు. సెలవు గడచి తిరిగి పనిలోనికి వచ్చిన మొదటి దినమున ఎక్కువగా నుండి, తరువాతి దినములలో తగ్గినట్లుండును. వృత్తి వలన వచ్చు రోగములను గూర్చి ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే ఒక పెద్ద గ్రంథము వ్రాసి, రోగిని అతని వృత్తి యేమని గూడ అడుగవలెనని వైద్యులకు చెప్పియున్నాడు.

గల్లాపెట్టె దగ్గర కూర్చుండు యజమాని కుమారునికి పంపు, స్పేసరు, మధురలో పెద్ద డాక్టరు అన్నియు గలవు. బస్తా మోయువాని దగ్గు మాత్రము బీడీ దగ్గని తీసివేయబడును. అది బీడీ దగ్గే కావచ్చును, కాకపోవచ్చును. ఊదకుండ విన్న మనుష్యుడు ఎవరును లేరు గదా. ఏకేంద్రియమైన వాయుకాయ జీవులకు బాధ కలుగునని నోటికి ముహపత్తి నడ్డుపెట్టుకొను ధర్మములో, అయిదింద్రియములు గలవాని ఊపిరి గొట్టము ఎంత దూరమున నున్నది? గాలి లాగు పంకా ఒకటి, నూగును ఊడ్చుటకు ముందు నీరు చిలకరించు పద్ధతి, ముక్కునకు సరియైన ముసుగు, వీనికగు ఖర్చు ఒక పర్యూషణ ప్రభావనకు మించదు. పంపు డబ్బాను వేడిమికిని నిప్పునకును దూరముగా నుంచవలెనన్న నియమమును గూడ అక్కడివారికి చెప్పవలెను. ఒత్తిడితో నింపిన డబ్బా గనుక ఎండలో నిలిపిన బండిలోను, అగ్గిపుల్లల పని జరుగు చోటను ఉంచదగినది కాదు.

సోమవారము ఉదయము గిడ్డంగి తెరచునపుడు యజమాని అయిదు నిమిషములు తలుపు దగ్గర నిలువబడి, ఎవరు దగ్గుచున్నారో విన్నచో, మంగళవారము లోపల ఎవరిని డాక్టరు దగ్గరకు పంపవలెనో తెలియును.